మంచినీళ్లు కొట్టేసిన లాయరమ్మ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఉండేది కాదు. అయిదేళ్ల లా కోర్సులో రెండో ఏడు చదివేవాళ్లందరికీ ఉండే జబ్బే అది. మూడో ఏడుకి కాస్త తగ్గుముఖం పడుతుంది, కోర్టు మెట్లెక్కి నాలుగు వాయిదాలు తిరిగాక పూర్తిగా నయమవుతుంది. నాకైతే జబ్బు ముదరడానికి ఇంకో కారణం కూడా ఉంది, స్కాలర్‌షిప్పు వచ్చింది. తాడేపల్లిగూడెం మెయిన్ రోడ్డు పక్క సందులో టైలరింగ్ షాపు నడిపే మా అబ్బా (మా ఇళ్లల్లో నాన్నని అలా పిలుస్తాం) ఆ కబురు విన్న రోజు షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ కొలతలు తీస్తూనే చెప్పాడు, "మా అమ్మాయి జడ్జీ అవుద్దండి." అక్కడితో ఆగితే బాగుండేది. ఆగకుండా నాకో నల్లకోటు కుట్టేశాడు. లాయరవడానికి ఇంకా మూడేళ్లకి పైగా టైముంది కదా అబ్బా అంటే, "అప్పటికి వొళ్లు చేస్తావులే" అని రెండంగుళాలు వదులు కూడా పెట్టాడు.

స్కాలర్‌షిప్పు ఇచ్చిన ట్రస్టువాళ్లు ఒక షరతు పెట్టారు. ఏడాదికొక ఊరికి చట్టపరంగా ఏదైనా మేలు చేసి, ఆ ఊరివాళ్ల సంతకాలతో రిపోర్టు పంపాలి. నాకు కొల్లేరు పక్కన ఒక లంక ఊరు వచ్చింది. ఏలూరులో బస్సెక్కి, దిగి, ఆటో ఎక్కి, రెండు వైపులా చేపల చెరువులున్న గట్టు మీద ఎగిరెగిరి పడుతూ వెళ్లాలి. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, ఆ కోటు వేసుకుని దిగాను. (చట్టం గురించి చెప్పేవాళ్లు చట్టంలా కనబడాలని నా ఉద్దేశం.) అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఏంటమ్మా, చలి జొరమా?" అంది. ఆవిడే బిందెల మామ్మ. ఎప్పుడు చూసినా చంకలో బిందె ఉంటుందని ఊరంతా అలాగే పిలుస్తారు. లోపలికి తీసుకెళ్లి గ్లాసుతో నీళ్లిచ్చింది. "పర్లేదండీ, బాటిల్ తెచ్చుకున్నాను" అని నా సీసా మూత తిప్పి గడగడా తాగి, శుభ్రమైన నీరు ప్రతి పౌరుడి హక్కు అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. మామ్మ ఆ గ్లాసు చేత్తో పట్టుకునే మొత్తం విన్నది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఊరి బాధ నిజమైనదే. ఊరికున్న మంచినీళ్ల చెరువులోకి పక్కనున్న చేపల చెరువు నీళ్లు ఊరుతున్నాయి. ఫిల్టరు పాడై చాన్నాళ్లయింది, కుళాయిలో పచ్చటి నీళ్లొస్తున్నాయి. మామ్మ మనవలిద్దరూ వారం తప్పి వారం వాంతులు, విరేచనాలతో మంచాన పడుతున్నారు. టిన్ను నీళ్లు కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కుంటున్నారు, మిగతావాళ్లు ఆ నీళ్లే కాచి తాగుతున్నారు. "నువ్వు చదువుకున్నదానివి, కలెక్టరుగారికి నాలుగు ముక్కలు రాసిపెట్టమ్మా. బళ్లు తెరిచేలోపు నీళ్లు బాగుపడితే చాలు" అంది మామ్మ. ఆవిడ చెప్పింది చెప్పినట్టే మొదట రాశాను కూడా, 'మా ఊరి మంచినీళ్ల చెరువు, మా ఇళ్లల్లో పిల్లలు, కుళాయిలో పచ్చనీళ్లు' అని రెండు పేజీలు.

అప్పుడు మా డ్రాఫ్టింగ్ మాస్టారు గుర్తొచ్చారు. "విశేషణాలు కొట్టేయండి. మంచి పిటిషన్ మూడు వాక్యాలు దాటదు" అని క్లాసులో ఎర్రపెన్ను ఊపేవారు. నేను మహా ఉత్సాహంగా కొట్టేయడం మొదలుపెట్టాను. ఫిల్టరు పోయింది, కుళాయి పోయింది. మామ్మ భుజం మీంచి తొంగి చూసి, "అయ్యో, మంచినీళ్లు కొట్టేశావేంటే?" అంది. "లీగల్ డ్రాఫ్టింగండీ మామ్మగారూ, మీకు తెలీదు" అన్నాను. చివరికి మిగిలింది ఇది: 'మా గ్రామ చెరువులో నీరు చెడిపోయినది. పిల్లలు తరచూ జబ్బు పడుచున్నారు. తక్షణం తగు చర్య తీసుకొనగలరు.' చదువుకుని నన్ను నేనే మెచ్చుకున్నాను. సోమవారం ఏలూరు కలెక్టరేటులో జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్సులో ఇచ్చి రసీదు తీసుకున్నాను. శనివారం అధికారి మీ గ్రామానికి వస్తారని ఫోనుకి మెసేజీ వచ్చేసరికి, మళ్లీ కోటు వేసుకుని పరిగెత్తాను.

వచ్చినాయన నెమ్మదైన మనిషి, చేతిలో ఒక చిన్న పెట్టె. వస్తూనే మామ్మని అడిగారు, "పిల్లలు ఏ సైజండీ?"

మామ్మ చెయ్యి నేలనుంచి కొలిచి చూపించింది. "పెద్దాడు ఇంత, చిన్నది ఇంతండి."

ఆయన కళ్లు పెద్దవి చేసుకున్నారు. "అంతంత సైజా! ఎక్కణ్నుంచి తెచ్చారు?"

"తేవడమేంటి బాబూ, మా కోడలు కన్నది!"

ఆయన కాగితం మళ్లీ చూసుకున్నారు. "అది కాదండీ, చెరువులో మొత్తం ఎన్ని వేశారు?"

మామ్మ రెండు చేతులూ గుండెల మీద వేసుకుని, "ఓరి నాయనో, పిల్లల్ని చెరువులో వేయడమేంటండీ!" అని ఒక్క కేక పెట్టింది. వీధి వీధంతా వచ్చేసింది.

అప్పుడు వెలిగింది నాకు. ఆయన మత్స్యశాఖ ఉద్యోగి. ఆ చుట్టుపక్కల ఎవరికైనా చెరువంటే చేపల చెరువే, పిల్లలంటే చేపపిల్లలే. మా తాడేపల్లిగూడెంలో చెరువంటే మంచినీళ్ల చెరువే కాబట్టి నాకు తట్టలేదు. కలెక్టరేటులో కాగితం చూసినవాళ్లకి మాత్రం క్షణం కూడా అనుమానం రాలేదు. సంగతి తెలిశాక ఆయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఊరూ నవ్వింది. మామ్మ మాత్రం నవ్వలేదు. "అయితే నీళ్లు బాగుచేసేది మీరు కాదాండీ?" అని అడిగింది. ఆయన నవ్వాపి, "మాది కాదమ్మా. సరే, వచ్చినందుకు ఈ మంచినీళ్ల చెరువు నీళ్లైనా పరీక్ష చేసి రాసి వెళ్తాను" అని గట్టు దిగారు. నేను కోటు విప్పేసి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆ కోటు అంత బరువని ఆ రోజే తెలిసింది.

నాలుగు రోజులకి ఇంకో మెసేజీ: 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.' కుళాయిలో మాత్రం అవే పచ్చనీళ్లు. ఆ మర్నాడే మామ్మ ఫోను. "అమ్మాయ్, చిన్నదానికి మళ్లీ మొదలైంది. ఆస్పత్రిలో సెలైను ఎక్కిస్తున్నారు." తిట్టినా బాగుండేది, తిట్టలేదు. స్కాలర్‌షిప్పు మాట మర్చిపోయి షాపులో కుట్టు మిషను పక్కన కూర్చుని ఏడ్చాను. అబ్బా కాజాలు కుడుతూ, తలెత్తకుండా అన్నాడు, "కొలత తప్పితే గుడ్డ పారేస్తామా? విప్పి మళ్లీ కుడతాం. ఏదీ, ఆ కాగితాలన్నీ ఓసారి చూడు." చూశాను. మత్స్యశాఖాయన ఆ రోజు నా చేతిలో పెట్టి వెళ్లిన రిపోర్టు నకలులో చివరి వాక్యం దగ్గర నా ఏడుపు ఆగిపోయింది: 'ఈ నీటిలో చేపపిల్లలను వేయుట శ్రేయస్కరం కాదు.' కింద సంతకం, ఆఫీసు ముద్ర.

సోమవారం మామ్మతో కలిసి మళ్లీ గ్రీవెన్సులో నిలబడ్డాను. ఈసారి కోటు లేదు. పిటిషను రెండు పేజీలు, మామ్మ మాటల్లోనే. 'మంచినీళ్ల' అన్న మాట పదకొండుసార్లు. వెనక ఆ రిపోర్టు జతచేసి, చివర ఒక్క వాక్యం మాత్రం నేను కలిపాను: 'చేపపిల్లలకే పనికిరాదని ప్రభుత్వమే తేల్చిన నీటిని మా పిల్లలు తాగుచున్నారు.' టేబులు వెనకున్న అధికారిణి ఆ లైను చదివి, మళ్లీ చదివి, పెన్ను పక్కన పెట్టి ఫోను తీశారు. ఆ వారమే ఇంజనీరు వచ్చారు. ఫిల్టర్లో ఇసుక మార్చారు, పక్క చెరువు ఊట రాకుండా కట్ట గట్టిచేశారు. బళ్లు తెరవడానికి రెండు రోజుల ముందు మామ్మ కబురు పెట్టింది.

వెళ్లాను. చిన్నది వీధిలో పరుగులు పెడుతోంది. మామ్మ కుళాయి తిప్పి గ్లాసు నింపి నా ముందు పట్టుకుంది. నా సంచిలో బాటిల్ ఉంది. తియ్యలేదు. గ్లాసు ఖాళీ చేసి, "ఇంకో గ్లాసివ్వండి మామ్మగారూ" అన్నాను. "తాగమ్మా, తాగు. అప్పుడు కొట్టేసిన మంచినీళ్లు ఇవేగా" అంది, అప్పటికి నవ్వుతూ.

ఇప్పుడు ఏలూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తూ జడ్జి పరీక్షకి చదువుతున్నాను. ఒకసారి రాశాను, పోయింది. మళ్లీ రాస్తున్నాను. అబ్బా కుట్టిన కోటు సరిగ్గా సరిపోయింది, ఆ రెండంగుళాలూ నిండాయి (నవ్వకండి). నా డ్రాఫ్టులు మరీ పొడుగని మా సీనియరుగారు విసుక్కుంటూ ఉంటారు. మొన్న ఒక పిటిషనులో 'మంచినీళ్ల చెరువు' అన్నచోట ఎర్రపెన్ను పెట్టి, "చెరువంటే చాలదా అమ్మా?" అన్నారు. "చాలదండి" అన్నాను. "ఎందుకు చాలదు?" అన్నారు. ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను.