పాలగిన్నె దగ్గర ఏడుపు

దెయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరైనా అంటే నవ్వేసేదాన్ని. గిద్దలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెప్తాను. క్లాసులో పిల్లలు అలాంటి కబుర్లు మొదలుపెడితే కసిరి పాఠంలోకి లాగుతాను. ఇప్పటికీ వాటిని నమ్ముతున్నానని చెప్పలేను. కానీ నా కూతురు పుట్టినప్పుడు మార్కాపురంలో జరిగింది నేనొక్కదాన్నే విన్నది కాదు. అందుకే రాస్తున్నాను.

నాకు బీపీ విపరీతంగా పెరగడంతో ఎనిమిదో నెల రాకముందే ఆపరేషన్ చేసి పాపను తీశారు. కేజీకి కాస్త ఎక్కువ బరువు. ఆస్పత్రిలో పిల్లల ఐసీయూలో అద్దాల పెట్టెలో పెట్టారు. పీల్చి మింగే శక్తి ఇంకా రాలేదు కాబట్టి ముక్కులోంచి పొట్టలోకి సన్నటి ట్యూబు వేసి, దాని చివర సిరంజి పెట్టి కొద్దికొద్దిగా పాలు వదిలేవాళ్లు. ఏడ్చినప్పుడు పాప నోరు తెరుచుకునేది, ముఖం ముడుచుకునేది. గొంతు మాత్రం వచ్చేది కాదు. అద్దం పక్కనే నిలబడినా వినపడేది కాదు.

అక్కడి సిస్టర్ నన్ను కూర్చోబెట్టి పాలు పిండడం నేర్పింది. ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. మరిగించి ఆరబెట్టిన మూత గిన్నెలోకే పిండాలి. మూత మీద పేరు, టైము రాసి అతికించాలి. చల్లబడిన పాలల్లో అప్పుడే పిండిన వెచ్చటి పాలు కలపకూడదు. పొయ్యి మీద అసలు కాచకూడదు, గోరువెచ్చటి నీళ్లలో గిన్నె పెడితే చాలు. పాప పేగులు ఇంకా లేతవి, తల్లిపాలు తప్ప ఇంకేదీ పడదు అని ఆమె రోజూ చెప్పేది. పక్కనే మా అమ్మ కూడా కూర్చుని తలూపుతూ వినేది.

మొదట్లో గిన్నె అడుగు తడిస్తే గొప్ప. పసుపుపచ్చగా నాలుగు చుక్కలు. నాకు ఏడుపొచ్చింది. సిస్టర్ మాత్రం అవి జాగ్రత్తగా సిరంజిలోకి పీల్చుకుంటూ, పాపకు ఇప్పటికి ఇవే చాలంది.

నన్ను డిశ్చార్జి చేశాక ఆస్పత్రిలో తల్లులు ఉండే చోటు లేక వెనక వీధిలో మేడమీద ఒక గది అద్దెకు తీసుకున్నాం. కింద ఇంటి ఓనరు పెద్దమ్మ ఒక్కతే ఉండేది. అంతలో నా కుట్లకు చీము పట్టింది. మెట్లు దిగి ఎక్కడం కష్టమైపోయింది. పొద్దున ఒకసారి వెళ్లి పాపను చూసి, అక్కడే పాలు ఇచ్చి వచ్చేదాన్ని. మిగతా పూటల గదిలో పిండితే అమ్మ ఐస్ బాక్సులో పెట్టుకుని తీసుకెళ్లేది.

మా పుట్టిల్లు రాచర్ల దగ్గర పల్లె. జీవాలు మేపుకునే కుటుంబం. తల్లి చచ్చిన గొర్రెపిల్లలను మేకపాలు పట్టి బతికించడంలో మా అమ్మను మించినవాళ్లు ఆ ఊళ్లో లేరు. నాయన పోయాక ఆ జీవాల మీదే నన్ను చదివించింది. ఎవర్ని నమ్మినా నమ్మకపోయినా అమ్మను నమ్మేదాన్ని.

పాలు కాస్త పెరుగుతున్నాయని నేను సంతోషపడుతున్న రోజుల్లో పాప పొట్ట ఉబ్బింది. పొద్దున నేను వెళ్లేసరికి చర్మం సాగి మెరుస్తోంది. సిస్టర్ సిరంజితో వెనక్కి లాగితే ట్యూబులోంచి ఆకుపచ్చగా వచ్చింది. డాక్టరు పాలు ఆపేయించి సెలైన్ పెట్టించాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"చేతులు కడుక్కునే పిండుతున్నావామ్మా? గిన్నె మరిగిస్తున్నావా? బయట ఎంతసేపు ఉంచుతున్నావు?"

అన్నిటికీ సరిగానే చేస్తున్నానని చెప్పాను. ఆయన ముఖంలో నమ్మకం కనపడలేదు. "ఎక్కడో తేడా జరుగుతోంది. ఇంకోసారి ఇట్లయితే పేగు కోయాల్సి వస్తుంది, అప్పుడు నా చేతుల్లో ఉండదు" అన్నాడు. అమ్మ నా పక్కనే ఐస్ బాక్సు పట్టుకుని నిలబడి ఉంది.

నా బిడ్డను నేనే చంపుకుంటున్నానని అనుకున్నాను. చర్మం పగిలి మంట పుట్టేదాకా చేతులు రుద్దుకునేదాన్ని. సాయంత్రం అమ్మ ఆ చేతులను ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాసేది.

పొట్ట తగ్గాక డాక్టరు మళ్లీ చుక్కలతో పాలు మొదలుపెట్టాడు. ఆ తర్వాత రెండు మూడు రోజులకే ఇది జరిగింది.

పట్టపగలు. మధ్యాహ్నం కూడా కాలేదు. నేను పాలు పిండి, మూత పెట్టి అమ్మకు ఇచ్చాను. ఐస్ బాక్సు వెనక వరండాలో ఉంటుంది. అమ్మ అటు వెళ్లింది. నేను గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాను.

అప్పుడు పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఎక్కడో దూరంగా కాదు, మా వరండాలోనే. ఆకలేసినా, నొప్పి పుట్టినా బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుందే, అట్లాంటి ఏడుపు. ఎందుకో నాకు అది నా కూతురేననిపించింది. దాని గొంతు నేనెప్పుడూ వినలేదు. అయినా నాదేనని ఒళ్లంతా తెలిసిపోయింది. పాలు వాటంతట అవే చేపి జాకెట్టు తడిసిపోయింది.

కుట్లు పట్టుకుని లేచి వెళ్లాను. వరండాలో బిడ్డ లేదు. అమ్మ నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. నా పాలగిన్నె మూత పక్కన పెట్టి, చెంబులోంచి అందులోకి కాచిన పాలు వంచుతోంది. ఏడుపు ఇంకా వస్తూనే ఉంది. నేను "అమ్మా" అన్నాక ఆగిపోయింది.

ఇంతలో ఓనరు పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. "పాపను తెచ్చుకున్న్యారా? చెప్పనే లేదే! ఏందమ్మా, అంత గుక్కపట్టి ఏడుస్తాంటే ఎత్తుకోకుండా?" అంటూ గదిలోకీ వరండాలోకీ చూసింది. బిడ్డ ఎక్కడా లేకపోయేసరికి ఆమె ముఖం మారిపోయింది. ఆ వీధిలో చంటిపిల్లలున్న ఇల్లే లేదని తర్వాత ఆమే చెప్పింది.

అమ్మ చెంబు కింద పెట్టింది.

"నీ పాలు అడుగున ఇంతే ఉంటాండాయి. బిడ్డ ఎట్ల బతుకుతాది? ప్యాకెట్ పాలు కాచి కొంచెం కలిపినా. తల్లి లేని పిల్లల్ని ఎన్నింటిని సాకల్యా నేను?"

"డాక్టరు నన్నడిగేటప్పుడు పక్కనే ఉన్నావు కదమ్మా."

అమ్మ చెంబును కొంగు చాటుకు జరుపుకుంది.

నేను గిన్నె తూములో వంచేసి, ఎట్లా దిగానో తెలియకుండా మెట్లు దిగి ఆస్పత్రికి పోయాను. పాప కదలకుండా పడుకుని ఉంది. ఏడ్చిందా అని అడిగితే, ఇంకా గొంతెక్కడుందమ్మా అంది సిస్టర్. జరిగింది చెప్పాను. ఫ్రిజ్‌లో నా పేరుతో ఉన్న గిన్నెలన్నీ తీసి పారబోసింది. పొద్దున నేనక్కడ పిండిచ్చిన పాలే పాపకు కావలసినంతకంటే రోజూ ఎక్కువుండేవని, కొలిచి పోసి మిగిలింది దాచేదాన్నని ఆమె చెప్పింది.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. ఆయనకు గిద్దలూరులో ఫ్యాన్సీ దుకాణం ఉంది, రోజు విడిచి రోజు వచ్చిపోయేవాడు. నేను టీ కోసమనుకున్న పాల ప్యాకెట్లు తెచ్చిచ్చింది ఆయనే. "నీకు చాలడం లేదని తెలిస్తే కుమిలిపోతావు, చెప్పొద్దన్నది అత్త" అన్నాడు. నా చేతులు పగలడం ఆయనా చూశాడు. డాక్టరు నన్ను ఏమన్నాడో ఆయనకూ తెలుసు.

అమ్మను మరుసటి రోజే ఊరికి పంపించేశాను. కుట్ల మీద చెయ్యి అదిమిపట్టుకుని పాలు నేనే మోసుకెళ్లాను. పాప ప్రాణం నిలబడింది. ట్యూబు తీశారు, గొంతు వచ్చింది. ఇప్పుడు ఇల్లంతా పరుగులు పెడుతోంది. మా ఆయనతో మామూలుగానే ఉంటాను, కానీ పాపకు మందు పోయాలంటే సీసా ఆయన చేతికివ్వను.

ఆ ఏడుపు గురించి చాలా ఆలోచించాను. నీరసం, భయం వల్ల నాకు భ్రమ కలిగిందనుకుందాం. మరి కింద ఇంట్లో ఉన్నావిడకు ఎందుకు వినపడింది? టీవీ అనుకుందామంటే అప్పుడు కరెంటు లేదు. ఏ మేకపిల్లో అరిచిందనుకోవడానికి నేను జీవాల మధ్య పెరిగినదాన్ని.

చాన్నాళ్లు అమ్మతో మాట్లాడలేదు. పోయిన ఎండాకాలం పాపను చూడాలని తనే వచ్చింది. అమ్మ పాపకు జడ వేస్తుంటే, ఇన్నాళ్లూ మనసులో ఉన్నది అడిగాను. ఆ రోజు వరండాలో నీకేం వినపడలేదా అని.

అమ్మ చెయ్యి ఆపలేదు.

"ఎందుకు వినపడల్యా? మొదటిసారి కలిపినప్పటి నుంచీ వినపడతానే ఉండె. గిన్నె మూత తీస్తే సాలు, ఏడ్చేది. పాలు సాలక ఏడుస్తాందనుకుని ఇంకొంచెం పోసేదాన్ని."

ఆ ఏడుపు ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ ఒక్కరోజే మాకెందుకు వినపడిందో నాకు ఈరోజుకీ తెలియదు. అన్ని రోజులు దాన్ని విని కూడా, పక్కనే గదిలో ఉన్న నాకు అమ్మ ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదో అదీ తెలియదు. అడిగాను. జడ చివర రబ్బరు బ్యాండు వేసి, పాపను ఎత్తుకుని బయటికి పోయింది.