గ్రీజు గన్ను ఖాళీ అయ్యేదాకా

మా పెద్దమ్మ చేతికి గ్రీజు వాసన పోదు. సబ్బు అరిగిపోతుంది గానీ వాసన పోదు. చుట్టుపక్కల మరలకీ మోటార్లకీ నూనె, గ్రీజు పెట్టే పని ఆమెది. గేరుపెట్టెలోంచి చుక్క నూనె తీసి తెల్లకాగితం మీద వేస్తుంది. అందులో ఇనుపరజను మెరిసిందంటే, "లోపల పళ్ళు అరుగుతున్నాయి, ఆపండి" అంటుంది. బేరింగుకి మాత్రం పిసినారిలా కొంచెమే గ్రీజు పెడుతుంది. మరీ నింపేస్తే అది వేడెక్కి కాలిపోతుందట.

ఆ సంగతి ఆమెకు నేర్పింది పెదనాన్నే. అట్టపెట్టెల కార్ఖానాలో ఆయనదీ అదే పని. ఒకసారి ఫోర్‌మన్ పక్కన నిలబడి, "కుక్కు, ఇంకా కుక్కు" అంటూ పెద్ద ఫ్యాను బేరింగు నిండా గ్రీజు పెట్టించాడు. అది వేడెక్కింది, గ్రీజంతా కరిగి కారిపోయింది, బేరింగు మాడింది. విప్పి చూస్తే లోపలంతా పొడిగా ఎండిపోయి ఉంది. "చూశారా, వీడు గ్రీజే పెట్టలేదు" అన్నాడు ఫోర్‌మన్ యజమానితో. అంతే, ఉద్యోగం ఊడింది. వీధంతా ఆయనకు 'ఎండు బేరింగు' అని పేరు పెట్టింది.

ఆ తర్వాత పెదనాన్న ఏ యంత్రాన్నీ ముట్టుకోలేదు. ఇంట్లో కుట్టుమిషను కీచుమంటే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయేవాడు. ఆయన గ్రీజు గన్ను పెద్దమ్మ చేతికొచ్చింది, కడుపుమంటతో సహా. ఫోర్‌మన్ ఊసెత్తితే వంటగదిలో గిన్నెలు ఎగిరేవి.

ఆ పెద్దమనిషి రిటైరై మా వీధి చివరే పిండిమర పెట్టాడు. సిగ్గులేని జన్మ! పైగా గ్రీజు పెట్టమని పెద్దమ్మకే కబురు. ఎవరి పొట్ట కొట్టాడో కూడా గుర్తులేదు వాడికి.

పెద్దమ్మ వెళ్లింది. గోధుమల సంచితో నేనూ అక్కడే వరసలో ఉన్నాను. ఎప్పుడూ పెట్టేంతే పెట్టి గన్ను తీయబోయింది.

"అదేంటమ్మా, అంతేనా? కుక్కు, ఇంకా కుక్కు" అన్నాడు.

అవే మాటలు. పెద్దమ్మ వాడి మొహంలోకి చూసింది. ఇంకెవరైనా అయితే తిట్టిపోసేది.

"అలాగే సార్" అని గన్ను ఖాళీ అయ్యేదాకా కుక్కింది. ఆమె నవ్వు చూసి నాకే భయమేసింది.

మర్నాడు మరలోంచి పొగ. మెకానిక్కు విప్పుతుంటే సంచులతో జనం మూగారు. ఫోర్‌మన్ పెద్దమ్మని పిలిపించి రంకెలు వేశాడు.

"నువ్వే తగలబెట్టావు! అంత గ్రీజు కుక్కితే బేరింగు కాలిపోతుందని ఎవరికైనా తెలుసు కదా!"

"మీకూ తెలుసా సార్?"

"ఎందుకు తెలీదూ? నేనేమైనా నిన్న పుట్టానా!"

పెద్దమ్మ ఆ బేరింగుని గుడ్డతో పట్టుకుని అందరికీ కనిపించేలా పైకెత్తింది. లోపల పొడి.

"గ్రీజే పెట్టనట్టు లేదూ? మా ఆయన్ని గెంటేసిన రోజు కూడా ఇలాగే ఉంది. అప్పుడు కుక్కమన్నదెవరు సార్?"

"అయితే మనం ఇన్నాళ్లూ ఆయన్ని..." అంటూ గుంపులో ఒక ముసలాయన మధ్యలోనే ఆగిపోయాడు.

కొత్త బేరింగు నువ్వే వేసి పెట్టమ్మా అన్నాడు ఫోర్‌మన్, గొంతు తగ్గించి.

"నాకేం తెలుసు సార్, మీకు తెలియనిదా" అంది పెద్దమ్మ. అంత తియ్యగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. వాడి మీద జాలి ఆమెకూ కలగలేదు, నాకూ కలగలేదు.

ఇంటికొచ్చి పెద్దమ్మ చెబుతుంటే పెదనాన్న తల వంచుకుని విన్నాడు.

"తెలుసన్నాడా? వాడి నోటితోనే?"

"అందరి ముందూ అన్నాడు."

ఆయన లేచి అటక మీంచి చిన్న నూనెడబ్బా దించాడు. కుట్టుమిషను ముందు కూర్చుని ఒక్క చుక్క వేశాడు. కారినది గుడ్డతో తుడిచి చక్రం తిప్పాడు. చప్పుడు లేదు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు. "కుక్కు అన్న దగ్గర్నుంచి."