కమ్మీల కూడలిలో చేపల గంప

అందరూ హిందీలో కలిసే మా దీవి ఊళ్ళో, మిడిల్ పాయింట్ కూడలిలో ఒకప్పుడు బస్సువాడూ నడిచే మనిషీ ఒకరి మొహం ఒకరు చూసుకుని దారి ఇచ్చుకునేవారు. ఆ పద్ధతి ఏం బాగాలేదని ఒక ఆఫీసరుగారికి తోచింది. బండ్లు ఆగకుండా సాగాలని నాలుగు వైపులా నడుమెత్తు ఇనప కమ్మీలు పాతించాడు. నడిచేవాళ్ళు దాటడానికి ఎగువన, మెట్ట మీద ఒక చోటు చూపించాడు. బండ్లకి తొందర, మనుషులకి కాళ్ళు ఉన్నాయి కదా అని ఆయన ధీమా.

ఒక్కరోజులో ఊరంతా కమ్మీ కింద దూరడం నేర్చేసుకుంది. నేనూ బడి సంచీతో దూరిపోయేదాన్ని. అమ్మకే కుదరలేదు. నెత్తిన చేపల గంప. వంగితే జారుతుంది, దించితే మళ్ళీ ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. అవతలి క్వార్టర్లలో ఆఫీసు వేళకి తాళాలు పడేలోగా అమ్ముకోవాలి. మెట్ట ఎక్కి దిగేసరికి తాళాలే కనబడేవి. మిగిలిన చేపలకి అమ్మ ఉప్పు పట్టించేది. మా ఇంటికి ఆ గంపే ఆధారం. నాకు భయం వేసేది.

ఒకరోజు అమ్మ తిన్నగా బండ్ల దారిలోకి దిగి, బస్సు వెనక నిలబడింది.

ట్రాఫిక్ పోలీసు ఈల ఊదాడు. "దీదీ, ఇధర్ సే నహీ! ఇటు కాదు, ఇది గాడీల రాస్తా."

"నానూ లోడుబండినే కదా భయ్యా! పీంపీమనే ఆరనొక్కటే నేదు," అంది అమ్మ.

అతను నవ్వాపుకోలేక చెయ్యి ఊపాడు. బస్సు కదిలింది, దాని వెనక అమ్మ, అమ్మ వెనక ఆమె నడక వేగంతోనే ఆఫీసరుగారి జీపు. ఆయన విసుగెత్తి, అవతలున్న ఆఫీసుకి నడిచిపోదామని దిగాడు. ఎదురుగా కమ్మీ. అమ్మని గంప వంగనివ్వలేదు, ఆయన్ని హోదా వంగనివ్వలేదు.

"దారి మెట్టమీదుంది బాబూ, ఎక్కాల," అని అమ్మ మర్యాదగానే చూపించింది. ఆయన ఎక్కాడు. నేను పగలబడి నవ్వాను.

వారం తిరక్కుండా కమ్మీ కోసి దారి పెట్టారు. పక్కన హిందీలో ఒక బోర్డు. అమ్మకి చదువు రాదు.

"ఏటి రాసినారే?" అని అడిగింది.

అధికారులకు మాత్రమే అని రాశారు.

"గంపలున్నోళ్ళు ముందెళ్ళాలంటమ్మా," అన్నాను.

చదవడం వచ్చిన పోలీసు నా వైపు ఒకసారి చూసి, వచ్చే బస్సుకి చెయ్యి అడ్డం పెట్టాడు.