నెత్తిమీద నీటిచుక్క

పైకప్పు మడిచి వెనక్కి పెట్టుకునే కార్లు కొన్ని ఉంటాయి. వాటి గుడ్డ టాపులు కుట్టడంలో ఊరంతటికీ ఆయనొక్కడే దిక్కు. ఆ దిక్కుకి మొక్కేవాళ్లే తగ్గిపోయారు. ఒకప్పుడు ఊళ్లో అలాంటి కార్లు పందొమ్మిది ఉండేవి, ఇప్పుడు నాలుగు. ఐదోదాని యజమాని పోయిన నెలలో కాలం చేశాడు. కొడుకు అందులో కోళ్లను పెంచుతున్నాడని వినికిడి.

అందరూ ఆయన్ని టాపు మేస్త్రి అంటారు. కత్తెర, కుట్టుమిషను, భార్య, బట్టతల: ఇవీ ఆయన వృత్తి సాధనాలు. చివరిది తనిఖీ కోసం. కొత్త టాపు బిగించాక మేస్త్రి కారులో కూర్చుని అద్దాలెత్తేసుకుంటాడు. భార్య స్టూలెక్కి పైనుంచి పన్నెండు బకెట్ల నీళ్లు పోస్తుంది. కుట్టు ఎక్కడైనా వదిలితే చుక్క వచ్చి ఆ నున్నటి మైదానం మీద పడుతుంది. అడ్డుపడటానికి అక్కడ వెంట్రుకన్నది లేదు. వెంటనే "ఆపు!" అని కేకేసి, దిగి, కుట్టంతా విప్పేస్తాడు. ధర్మం కోసం రాజులు రాజ్యాలు వదులుకున్నారంటారు. మేస్త్రి చుక్క కోసం భోజనాలు వదులుకున్నాడు. ముప్పై ఒక్కేళ్లలో పడిన చుక్కని పడలేదనలేదు.

ఈ లెక్కన ఇక లాభం లేదు, వచ్చే నెల షాపు మూసేద్దామని మొగుడూ పెళ్లాం అనుకున్నారు. మూసేశాక ఏం చేద్దామని మాత్రం ఇద్దరూ అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ మర్నాడే షోరూం మేనేజరు ఫోన్ చేశాడు.

"మేస్త్రిగారూ, ఇంగ్లండు వాళ్లు కొత్త స్పోర్ట్స్ కారు ప్రకటించారు. టాపు దిగేది. చూపించడానికి ఒకటి మా దగ్గరికి పంపారు. రేపు పొద్దున్నే రండి, మీతో పనుంది."

పనుంది అన్న మాట విని ఎన్నాళ్లయిందో! మేస్త్రి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాడు.

కారు ముదురాకుపచ్చ రంగులో, నేలకి చెవి ఆనించి ఏదో వింటున్నట్టుంది. ముక్కు మాత్రం గుమ్మం దాకా ఉంది.

"ఇద్దరికే చోటట బావా," అన్నాడు బావమరిది. "పెళ్లి కాగానే కొనుక్కోవాలి, పిల్లలు పుట్టగానే అమ్ముకోవాలి. ఇందులోంచి నేను దిగాలంటే నలుగురు మోయాలి."

అందరూ కారుని ముక్కు నుంచి చూస్తుంటే మేస్త్రి నెత్తి నుంచి చూశాడు. టాపు రేకుది కాదు. గుడ్డదే! ఆయన గుండె ఒక్కసారి తేలికపడింది. కళ్లు మూసుకుని కుట్టు కోసం అరచేత్తో అంచంతా నిమిరాడు. దొరకలేదు. మళ్లీ నిమిరాడు.

"కుట్టెక్కడ సార్?"

"కుట్టేముందండీ! వేడితో అతికిస్తారు. అంతా ఒకటే ముక్క."

"చిరిగితే?"

"మొత్తం తీసేసి కొత్తది పెడతాం. పెట్టెలో వస్తుంది."

"మరి నాతో పనుందన్నారు..."

"ఈ వారమంతా జనం వస్తారు కదా. మీరు మిషను తెచ్చుకుని కారు పక్కన కుడుతూ కూర్చోండి. అప్పట్లో అలా ఉండేది, ఇప్పుడిలా అని తెలుస్తుంది. చూడ్డానికి నిండుగా ఉంటుంది."

"ఏం కుట్టాలి?"

"ఏదో ఒకటి. ఊరికే కుడుతూ ఉండండి."

బావమరిది నోరు తెరిచాడు. పుట్టాక మొదటిసారి జోకు మింగేసి, "పద బావా," అన్నాడు.

ఊళ్లో మిగిలిన నాలుగు కార్లలో ఒకటి షాపులో కొత్త టాపుతో సిద్ధంగా ఉంది. భార్య పన్నెండు బకెట్లూ నింపి వరసగా పెట్టింది.

"ఏమన్నారండీ?"

"ముందు నీళ్లు పొయ్యి."

ఆయన లోపల కూర్చుని తలుపేసుకున్నాడు. ఏడో బకెట్‌కి చుక్క పడింది. చల్లగా పడి, కాసేపు అక్కడే ఆలోచించి, చెవి వెనకగా జారి కాలర్లోకి దిగింది. మేస్త్రి నోరు తెరిచాడు, మూశాడు. ఎనిమిదో బకెట్‌కి ఇంకోటి పడింది. పన్నెండూ అయ్యేదాకా ఆయన స్టీరింగ్ పట్టుకుని, ఎక్కడికో పోతున్నవాడిలా ముందుకే చూస్తూ కూర్చున్నాడు.

"పడిందా?" పైనుంచి అడిగింది భార్య.

"లేదు."

ఆమె స్టూలు దిగింది. తలుపు తీసింది. తడిసిన ఆ నెత్తిని, తడిసిన కాలరుని చూసింది. ముప్పై ఒక్కేళ్లలో ఆయన ఆడిన మొదటి అబద్ధాన్ని కొంగుతో తుడిచింది.

"అయితే పని ఇవ్వలేదన్నమాట," అంది.