ప్రష్యా సైన్యం లేని వాటర్లూ

2022, షార్జా. నేను అక్కడి రిహాబ్ సెంటర్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. ఫిజియోథెరపిస్టులు పేషెంట్‌ని నడిపిస్తారు. అన్నం తినడం, చొక్కా తొడుక్కోవడం, మళ్ళీ ఉద్యోగంలో కూర్చోవడం మేం నేర్పిస్తాం. వరంగల్‌లో మా అమ్మ మాత్రం ఇప్పటికీ అందరికీ "మా బిడ్డ దుబాయ్‌ల మసాజ్ చేస్తది" అనే చెబుతుంది. పోట్లాడి పోట్లాడి వదిలేశాను.

ఆ ఏడాది నా దగ్గరికి భాస్కరరావు సార్ వచ్చారు. కాకినాడ మనిషి, ఇక్కడి ఒక ఇండియన్ స్కూల్లో హిస్టరీ టీచర్. మెదడు కుడివైపు స్ట్రోక్ వచ్చింది. అదృష్టం కొద్దీ చెయ్యీ కాలూ చాలావరకు తేరుకున్నాయి, గొంతు కంచు మోగినట్టే ఉంది. వచ్చిన చిక్కల్లా నెగ్లెక్ట్. అంటే కళ్ళు బాగానే ఉంటాయి గానీ, ఎడమవైపు ఒక ప్రపంచం ఉందన్న సంగతే మెదడు మరిచిపోతుంది. సగం గడ్డమే గీసుకుంటారు, పళ్ళెంలో కుడి సగమే తింటారు.

మొదటి రోజు ఆయన భార్య సత్యవతిగారు ఇడ్లీలు తెచ్చారు. సార్ రెండు ముక్కలు తిని విసుక్కున్నారు.

"ఏంటి సత్యా, మళ్ళీ పచ్చడి మర్చిపోయావా?"

ఆవిడ పళ్ళెం తిప్పి పెట్టారు. ఎడమవైపున్న పచ్చడి కుడివైపుకి వచ్చింది. "ఆఁ, ఇప్పుడు వేశావు" అంటూ ఆయన తినేశారు. ఆవిడ నావైపు చూసి నవ్వారు, కళ్ళలో మాత్రం నీళ్ళున్నాయి.

నెలాఖరుకి వచ్చి, సార్ పాఠం చెప్పగలరో లేదో చూస్తానని స్కూలు వైస్ ప్రిన్సిపాల్ కబురు పెట్టారు. సగం మంది పిల్లలు కనబడని మాస్టారికి క్లాసు ఎవరిస్తారు? ఉద్యోగం పోతే వీసా పోతుంది. సార్‌కి దానికన్నా పెద్ద బెంగ ఉంది. "క్లాసు లేకపోతే నేనెవర్నమ్మా?" అని అడిగారొకసారి.

ఇలాంటి కేసుల్లో మేం స్కానింగ్ నేర్పిస్తాం. టేబుల్ ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, అది కనబడేదాకా తల తిప్పమంటాం. నేను చెప్పినంతసేపూ తిప్పేవారు, నోరు మూసుకుంటే మళ్ళీ మొదటికే. అసలే నాకు ఓపిక తక్కువ. "ఎడమ, సార్, ఎడమ" అని నిద్రలో కూడా కలవరిస్తున్నానని మా రూమ్మేట్ ఏడిపించేది.

"ఊరికే సతాయించకమ్మాయ్, నాకన్నీ కనబడుతున్నాయి" అనేవారు సార్. అబద్ధం చెప్పేవారేం కాదు. కనబడనిది ఉందని ఆయనకి తెలిస్తే కదా!

విసిగిపోయి ఒకరోజు, "ఇయ్యాల మీరే నాకు పాఠం చెప్పున్రి సార్" అన్నాను. మొహం వెలిగిపోయింది. వాటర్లూ యుద్ధం చెబుతానన్నారు. టేబుల్ మీద దుప్పటి పరిచాం. వేళ్ళ కసరత్తుకి మా దగ్గరుండే ప్లాస్టిక్ పెగ్గుల్లో నీలివి ఫ్రెంచివాళ్ళు, ఎర్రవి ఇంగ్లీషువాళ్ళు. ఇంగ్లీషువాళ్ళకి సాయంగా వచ్చే ప్రష్యా సైన్యానికి రిసెప్షన్‌లో తినేసిన ఖర్జూరాల గింజలు. సార్ నెపోలియన్ వైపు కూర్చుని, చివర్లో కుడి పక్కనుంచి గింజల్ని తోసుకొచ్చి, అరుస్తూ ముగించారు. నాకు ఒళ్ళు జలదరించింది.

మధ్యాహ్నం ఫోన్‌లో ఆ యుద్ధం మ్యాపు చూశాను. నెపోలియన్‌కి ఎడమవైపు ఒక పెద్ద ఫార్మ్‌హౌస్ ఉందట, రోజంతా అక్కడ పోరు సాగిందట. సార్ కథలో ఆ ఊసే లేదు! అంటే జ్ఞాపకంలో కూడా ఎడమవైపు చెరిగిపోయింది. ఇలా జరుగుతుందని పుస్తకంలో చదివానే గానీ ఎదురుగా ఎన్నడూ చూడలేదు. వెంటనే ఒక ఆలోచన తట్టింది. ఆయన్ని టేబుల్‌కి అవతలి వైపు కూర్చోబెడితే?

"ఛీ ఛీ! ముప్పై ఏళ్ళుగా నేను నెపోలియన్ మనిషిని" అన్నారు సార్ మర్నాడు. బతిమాలి ఇంగ్లీషువాళ్ళ వైపు కూర్చోబెట్టి, ఎర్ర టేపుని అటునుంచి ఎడమయ్యే అంచుకి మార్చాను. ఇప్పుడు ఫార్మ్‌హౌస్ కుడివైపుకి వచ్చింది, దాని గురించి ఎంత బాగా చెప్పారో! గుర్రాలు దూకాయి, ఫిరంగులు పేలాయి, నెపోలియన్ సొంత దళం గుట్ట ఎక్కడం మొదలెట్టింది. అక్కడ ఆగిపోయారు. ఆయన ఎడమ మోచేతి పక్కన గింజలు అలాగే ఉన్నాయి.

"తర్వాత, సార్?"

"తర్వాతేముంది, సాయంత్రమైపోయింది."

"అయితే నెపోలియనే గెలిచిండా?"

"గెలవడమేంటమ్మా, చిత్తుగా ఓడిపోతేనూ!"

"ఎట్ల ఓడిండు? మీ దిక్కున్నోళ్ళు సగం మంది సచ్చిపోయిండ్రు, మిగిలినోళ్ళు అలసిపోయిండ్రు. మీరే చెప్పిండ్రు కద."

సార్ నుదురు ముడిపడింది. దుప్పటి వంక చూశారు, మళ్ళీ చూశారు. 'ఎడమ' అనడానికి నా నాలుక పీకుతోంది, పళ్ళతో నొక్కి పట్టాను. పక్కనున్న సత్యవతిగారు నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఎవరో రావాలి... తూర్పు నుంచి... ఇటుంచి కదా..."

తల కదిలింది. మధ్య దాటింది, ఎర్ర టేపు దాకా వెళ్ళింది.

"వీళ్ళిక్కడున్నారా! ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి గక్కడ్నే ఉన్నరు సార్!" అని అరిచాను. ఎవరో పడిపోయారనుకుని మా ఈజిప్టు ఫిజియో పరిగెత్తుకొచ్చాడు. నేను గంతులేస్తున్నాను. సార్ మాత్రం నవ్వలేదు. భార్య వైపు తిరిగి మెల్లగా అడిగారు.

"అయితే సత్యా, పచ్చడి రోజూ వేశావా?"

ఆ రోజు నుంచి ప్రతిదానికీ ఆయనే "ఇక్కడ ఏదో తక్కువైందే" అని వెతుక్కోవడం మొదలుపెట్టారు. నెలాఖరుకి మా జిమ్‌లోనే క్లాసు పెట్టాం. స్టాఫ్ అందరం పిల్లల్లా రెండు వైపులా కుర్చీల్లో కూర్చున్నాం, వెనకాల వైస్ ప్రిన్సిపాల్. సార్ పాఠం అందుకున్నారు, ప్రశ్నలన్నీ కుడివైపువాళ్ళకే. ఎడమవైపు సత్యవతిగారు చెయ్యెత్తి కూర్చున్నారు. ఎంతకీ ఇటు చూడరే!

ఉన్నట్టుండి సార్ ఆగారు.

"ఇంతమంది ఉన్న క్లాసులో సగం మందే మాట్లాడుతున్నారేంటి? మిగతా వాళ్ళెక్కడ?" అంటూ తల తిప్పారు. చివరి కుర్చీ దాకా తిప్పారు. "ఆఁ, అడుగు."

"సార్," అన్నారు సత్యవతిగారు. "నెపోలియన్ ఎందుకు ఓడిపోయాడు, సార్?"

"ఒక వైపే చూశాడమ్మా" అన్నారు సార్.

వచ్చే నెల నుంచి రెండు క్లాసులతో మొదలుపెట్టమని వైస్ ప్రిన్సిపాల్ అక్కడే చెప్పేశారు. నేను సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

ఇప్పుడు నెగ్లెక్ట్ పేషెంట్ ఎవరొచ్చినా, ఎడమవైపు చూడండని వెంటపడను. వాళ్ళకి బాగా తెలిసిన పని ఏదో కనుక్కుంటాను. దర్జీ అయితే చొక్కా కుట్టమంటాను, వంటావిడైతే పులిహోర కలపమంటాను. సగంలో ఆగి, ఏదో తగ్గిందే అని వాళ్ళు తడుముకునేదాకా పక్కన కూర్చుంటాను. అన్నిటికన్నా కష్టమైన పని నా నోరు మూసుకోవడమే, అదింకా నేర్చుకుంటున్నాను.