నా అకామా మీద మొగుడు

ఈమధ్య మా వీధికి ఒక ఏజెంటు వస్తున్నాడు. రిటైరైనవాళ్ళకి పరాయి దేశాల్లో దీర్ఘకాలం ఉండే వీసాలు ఇప్పిస్తాడట. బ్యాంకులో సొమ్ము చూపిస్తే చాలు, ఎన్నిసార్లు వెళ్ళినా, ఎన్నిసార్లు వచ్చినా అడిగేవాడుండడట. ఇప్పుడు సౌదీ కూడా డబ్బున్నవాళ్ళకి శాశ్వతంగా ఉండే కాగితం ఇస్తోందని మురిసిపోతూ చెప్పాడు. ఇరవై నాలుగేళ్ళు వాళ్ళ రోగుల పుళ్ళు కడిగాను. అరవై నిండిన నెలలోనే పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టి పంపేశారు. అతనికి మంచినీళ్ళిచ్చి, గేటు వేసి వచ్చాను.

వెళ్ళి రావడాల సంగతి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. గడువు దాటకుండా ఒక మనిషిని వెనక్కి రప్పించుకోవడం ఎంత వెగటు పనో 1991లో చూశాను. ఆ మనిషి నా భర్త.

నేను సౌదీలోని ఖతీఫ్‌లో ఒక హాస్పిటల్‌కి నర్సుగా వెళ్ళింది 1984లో. మొదటి నాలుగేళ్ళు నర్సుల హాస్టల్లో ఉన్నాను. గేటుకి బయటినుంచి తాళం వేసేవారు. వారానికి ఒకసారి బజారుకి బస్సు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కాపలావాడు మమ్మల్ని గొర్రెల్లా లెక్కపెట్టేవాడు. ముప్పై ఆరేళ్ళదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, సబ్బు కొనుక్కోవాలంటే బస్సు రోజు దాకా ఆగేదాన్ని. భర్త వెంట ఉన్న నర్సులకి మాత్రం ఫ్యామిలీ క్వార్టరు ఇచ్చేవారు. రెండు గదులు, వంటిల్లు, మన చేతిలో మన తాళంచెవి. ఆ తాళంచెవి కోసమే 1988లో మా ఆయన్ని పిలిపించుకున్నాను. పిల్లలు గుడివాడలో మా అమ్మ దగ్గరే ఉండిపోయారు.

ఆయన అకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి, నా అకామాని అంటిపెట్టుకుని ఉండేది. ఈ మనిషి పని చేయరాదని దాని మీద అరబ్బీలో రాసి ఉండేది. రాసినవాడు మా ఆయన్ని ఎన్నడూ చూడలేదు గానీ సరిగ్గానే రాశాడు. ఆ దేశపు ఆడది ఊరు దాటాలంటే మగవాడి అనుమతి కావాలి. మా ఇంట్లో మాత్రం ఆయన దేశం దాటాలన్నా, మళ్ళీ రావాలన్నా ఫారం మీద నా సంతకం పడాలి. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తాను హాస్పిటల్ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేస్తున్నానని చెప్పుకున్నాడు.

1990 ఆగస్టులో కువైట్ ఇరాక్ చేతిలో పడిపోయింది. కొన్నాళ్ళకి విషవాయువు భయంతో మనిషికొక మాస్కు ఇచ్చారు. హాస్పిటల్లో మరమ్మతులు చూసే కరీంనగర్ తమ్ముడొకడు వచ్చి పడకగది కిటికీలకి ప్లాస్టిక్ కాగితం పరిచి టేపు అంటించాడు. మా ఆయన కుర్చీలో కూర్చుని, అక్కడ ముడత పడింది, ఇక్కడ ముడత పడిందని చెబుతూనే ఉన్నాడు.

కొత్త సంవత్సరానికి నర్సుల సెలవులన్నీ రద్దు చేశారు. కుటుంబాలు కావాలంటే వెళ్ళవచ్చన్నారు. ఆ మాట వినగానే మా ఆయనకి పిల్లలు గుర్తొచ్చారు. పాపం బెంగపెట్టుకుని ఉంటారనీ, మన ఇద్దరిలో ఒకరైనా వాళ్ళ కళ్ళబడాలనీ అన్నాడు. మూడేళ్ళుగా రాని బెంగ ఆ వారమే వచ్చింది. వెళ్ళి మళ్ళీ వచ్చేందుకు ఇచ్చే రీ-ఎంట్రీ ఫారం మీద నేను సంతకం చేశాను. గడువు ఆరు నెలలు. ఈలోగా తిరిగి వస్తే సరి, లేకపోతే ఆయన అకామా రద్దవుతుంది, నువ్వు క్వార్టరు ఖాళీ చేసి హాస్టల్‌కి పోవాలని హౌసింగ్ ఆఫీసరు నాకు రెండుసార్లు చెప్పాడు. నేను ఇంటికొచ్చి ఆయనకి మూడుసార్లు చెప్పాను. ఆయన తల ఊపుతూ తన మాస్కుని పెట్టెలో చొక్కాల మధ్య సర్దుకున్నాడు.

జనవరి తొమ్మిదిన మాకు దగ్గర్లోని దహ్రాన్‌లో విమానమెక్కాడు. పదిహేడున యుద్ధం మొదలైంది. పద్దెనిమిది నుంచి దహ్రాన్ మీదికి రాకెట్లు రావడం, సైరన్ మోగడం, వార్డులో మాస్కు తగిలించుకుని లేవలేని రోగుల మంచాల పక్కన నిలబడటం, అదే మా ఉద్యోగం. ఫిబ్రవరి ఆఖరుకి అయిపోయింది.

మార్చిలో అమ్మ ఫోనులో ఒక వింత చెప్పింది. అల్లుడు ఆదివారం చర్చి ఆరాధనలో, యుద్ధంలో దేవుడు తనని ఎలా కాపాడాడో సాక్ష్యం చెప్పాడట. మాస్కు ముఖానికి తగిలించుకుని, సైరన్ ఎలా మోగేదో నోటితో మోగించి చూపించాడట. రాకెట్టు తన నెత్తిమీదుగా పోతుంటే మోకరించి ప్రార్థించానన్నాడట. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. ఆ తర్వాత చుట్టుపక్కల చర్చి సంఘాలవాళ్ళు కూడా పిలవడం మొదలుపెట్టారు. ఏప్రిల్లో రమ్మంటే ఎండలన్నాడు. మే నెలలో రమ్మంటే సాక్ష్యపు కూటాలకి మాటిచ్చానన్నాడు.

మే ఆఖర్లో కరీంనగర్ తమ్ముడు తలుపు తట్టాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"హౌసింగోళ్ళు తోలిండ్రక్కా. సార్ ఉన్నడా లేడా సూసి రమ్మన్నరు."

ఇంకా రాలేదని చెప్పాను.

"ముకానికి పెట్టుకునేది గూడ వట్కపోయిండట గద. మీ ఊరి మీద గూడ బాంబులు వడ్తున్నయా ఏంది?" అన్నాడు. అతను కాసేపు తల గోక్కుని, "వస్తున్నడని చెప్తలే. జల్ది రమ్మను అక్కా, ఆ హాస్టల్ల నువ్వేడుంటవు," అని వెళ్ళిపోయాడు.

జూన్‌లో మా ఆయనే ఫోను చేశాడు. అంతకుముందెప్పుడూ తన చేతి డబ్బుతో ఫోను చేసిన మనిషి కాదు. సంగతేమిటంటే, దమ్మామ్‌లో పనిచేసే మా సంఘంవాడొకడు సెలవుకి వచ్చి, ఈయన సాక్ష్యం విని, రాకెట్లు పడేనాటికి ఈయన గుడివాడ బస్టాండులో టీ తాగుతున్నాడని పెద్దల ముందు అన్నాడట. పాస్టరు గారు ఆదివారం సాయంత్రం పెద్దల్ని తన ఇంటికి పిలిచారు. నేను అక్కడికి ఫోను చేసి, మా ఆయన జనవరి నెలాఖరున బయల్దేరాడని చెప్పాలి.

"ఒక్క మాటేనే. నువ్వు చెబితే వాళ్ళు నమ్ముతారు," అన్నాడు. "ఆ మాట చెప్పు, వెంటనే విమానమెక్కుతా. చెప్పనంటావా, నేనిక్కడే ఉంటా. నీ క్వార్టరు సంగతి నువ్వే చూసుకో. జులై తొమ్మిది దాకా టైముంది, ఆలోచించుకో."

"తొమ్మిది కాదండీ. వాళ్ళ నెలలు చంద్రుణ్ణి బట్టి. మన లెక్కకి జులై నాలుగుతోనే తీరిపోతుంది," అన్నాను. ఆ సంగతి ఆయనకి తెలియదు. మూడేళ్ళు ఆ దేశంలో కూర్చుని క్యాలెండరు కూడా చూడలేదు.

ఆదివారం పగటి డ్యూటీ దిగి, నడిచి బజారులో ఫోను చేసే చోటికి వెళ్ళాను. హాస్టల్లో ఉంటే ఆ నడకే ఉండదు, బస్సు రోజు దాకా ఆగాలి. దారంతా తాళంచెవి పిడికిట్లోనే ఉంది. ఒక్క అబద్ధం చాలు, ఆ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. చెబుదామనే బయల్దేరాను.

పాస్టరు గారు వందనాలు చెప్పి, పిల్లల సంగతి, నా ఆరోగ్యం సంగతి అడిగి, ఆ తర్వాత గొంతు తగ్గించారు. "సంఘంలో ఒక మాట వచ్చిందమ్మా. మీ ఆయన బయల్దేరింది రాకెట్లు పడ్డాకా, పడకముందా?"

వార్డులో ఆ రాత్రులు గుర్తొచ్చాయి. మంచాలు దిగలేని ముసలివాళ్ళు మా చేతులు పట్టుకునేవారు. వాళ్ళ పక్కన ఈయన్ని ఎక్కడ నిలబెట్టను? నా అకామా మీద చోటిచ్చాను, అది చాలు.

"జనవరి తొమ్మిది, బుధవారం బయల్దేరారండీ అయ్యగారూ. మొదటి రాకెట్టు వచ్చింది పద్దెనిమిదిన," అన్నాను.

అటువైపు ఎవరో దగ్గారు. పాస్టరు గారు, "మరి ఆ మాస్కమ్మా?" అన్నారు.

"అది హాస్పిటల్‌దండీ. తిరిగి ఇచ్చెయ్యాలి."

ఇంటికొచ్చి గిన్నెలు పాత వార్తాపత్రికల్లో చుట్టి అట్టపెట్టెలో సర్దాను. హాస్టల్లో ఒక మంచం, ఒక అలమర ఇస్తారు, అందులో పట్టనివి ఎవరికివ్వాలో కూడా అనుకున్నాను. నిద్ర బాగానే పట్టింది.

జులై రెండున మా ఆయన దిగాడు. నా మీద ప్రేమతో కాదు. పెద్దలు సాక్ష్యపు కూటాలు మాన్పించారట. అంతకంటే పిల్లకాయలే ఎక్కువ పని చేశారు. ఈయన వీధిలో కనబడితే చాలు, ప్రతి అరుగు మీదినుంచీ సైరన్ మోగేదట. పాలకేంద్రానికి కూడా వెళ్ళలేకపోయాడని అమ్మ తర్వాత చెప్పింది. అబద్ధం చెప్పి ఉంటే ఊరు ఆయన్ని ఇంకో ఏడాది మోసేది, ఆయన వచ్చేవాడా అన్నది నాకిప్పటికీ అనుమానమే.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. హాయిగా ఉంది. మూడో రోజు కరీంనగర్ తమ్ముడు వచ్చి, కుర్చీలో కూర్చున్న ఆయన్ని గుమ్మంలోంచే చూసి, "ఉన్నడని చెప్తనక్కా," అని వెళ్ళిపోయాడు. నేను అట్టపెట్టె విప్పి గిన్నెలు తీశాను.

ఆ వారమే మాస్కులు వెనక్కి అడిగారు. మా ఆయనది పెట్టెలోంచి తీసి, రెండూ పట్టుకెళ్ళాను. స్టోరులో ఉన్నాయన రెండూ తిప్పి చూశాడు. నాది పట్టీ కాస్త వదులైంది, అంతే. మా ఆయనదాని పట్టీలు సాగి వేలాడుతున్నాయి, అద్దం నిండా వేలిముద్రలు. ఇది వాడిన మనిషి యుద్ధం బాగా చూసినట్టున్నాడే అన్నాడు. అవునన్నాను.