మావయ్యగారి బండి, నా వెనక చక్రం

పెళ్లైన కొత్తలో అల్లుడు చేయకూడని పనులు కొన్ని ఉంటాయి. అత్తవారింట కూరలో ఉప్పు చాలలేదనడం వాటిలో ఒకటి. మావగారి బండి మీద చెయ్యి వేయడం అంతకన్నా పెద్దది. మొదటిది నేను చేయలేదు. రెండోది మాత్రం తీరిగ్గా, ఆరు వారాలపాటు, మూడు ఊళ్లు తిరిగి మరీ చేశాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. మీ ఇంట్లో కొత్తల్లుడుంటే చదివి వినిపించండి.

మా మావగారు మండపేట దగ్గర వరి రైతు. ఆయనకొక పాత మోటారు సైకిలుంది. దాన్ని తయారు చేసిన కంపెనీ మూతపడి ఎన్నో ఏళ్లయినా, ఆ సంగతి దానికెవరూ చెప్పలేదేమో, అది తిరుగుతూనే ఉండేది. తన షష్టిపూర్తి మర్నాడు పొద్దున్నే అత్తగారిని దాని మీద కూర్చోబెట్టుకుని ధవళేశ్వరం బ్యారేజీ దాకా వెళ్లి రావాలని ఆయన కోరిక. పెళ్లైన కొత్తలో అలాగే వెళ్లారట. అత్తగారు నెల రోజులు బతిమాలించుకుని ఒప్పుకున్నారు.

వచ్చిన చిక్కల్లా వెనక చక్రం కాస్త ఊగడం. "స్పోకులు వదులైనట్టున్నాయండి అల్లుడుగారూ. మీ రాజమండ్రిలో ఎవరిచేతైనా బిగించి పెట్టించండి" అని చక్రం విప్పించి నా చేతికిచ్చారు. బండిని వసారాలో చెక్కదిమ్మ మీద నిలబెట్టారు.

బిగించాలి. ఆయన అడిగింది అంతే. కానీ నేను కాలేజీలో పిల్లలకు కంప్యూటర్లు నేర్పేవాణ్ణి, ఫోనులో వీడియోలు చూసి కుళాయి బాగుచేసినవాణ్ణి. బిగించి ఊరుకుంటే నా పాండిత్యం ఏం కావాలి? చక్రానికి పూర్తిగా కొత్త జన్మ ఎత్తించి మావగారిని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆశ్చర్యపరిచాను కూడా.

ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పుపెట్టినవాడి గురించి విని ఉంటారు. స్పోకులకు పట్టిన తుప్పు మీద కోపంతో చక్రానికి కట్టింగ్ మిషను పెట్టినవాణ్ణి నేను. డాబా మీద కూర్చుని స్పోకులన్నీ చెరుకుగడల్లా నరికేశాను. ఆ ఊపులో రిమ్ముకి కూడా రెండుచోట్ల లోతుగా కోత పడింది. మా ఆవిడ వచ్చి చూసి, ఇవి మళ్లీ ఎలా అతుకుతాయని అడిగింది. అతకడం కాదు, కొత్తవి వస్తాయని వివరించాను. రిమ్ము కొలత పందొమ్మిది అంగుళాలు కదా, ఆన్‌లైన్లో పందొమ్మిది అంగుళాల రిమ్ము తెప్పించాను. తళతళలాడుతూ వచ్చింది.

రాజమండ్రిలో చక్రాలు బిగించడంలో సత్యవతిగారిది పేరున్న చెయ్యి. భర్త పోయాక ఆయన సైకిలు షాపును ఆవిడే నడుపుతున్నారు. అరవై దాటిన మనిషి, చక్రాన్ని ఒక్కసారి తిప్పి వంకర ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తారు. నేను పాత చక్రం నడుమ మిగిలిన డ్రమ్మూ కొత్త రిమ్మూ ఆవిడ ముందు పెట్టి, రెండిటికీ పెళ్లి చేయమన్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని రెండిటినీ చూశారు.

"డ్రమ్ముకి స్పోకుల కన్నాలు నలభై బాబూ. రిమ్ముకి ముప్పయ్యారు. చూసుకోలేదా?"

"రెండూ గుండ్రంగానే ఉన్నాయి కదండీ."

ఆవిడ నవ్వలేదు. ఆ రిమ్ము తిప్పి పంపేసి నలభై కన్నాలది వెతుక్కోమని, డ్రమ్మును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదులుకోవద్దని నెమ్మదిగా చెప్పారు. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? కొత్త రిమ్మును వెనక్కి పంపడం చేతగానివాళ్ల పని, దానికి సరిపడే డ్రమ్ము తెస్తే పోలా అనుకున్నాను.

కాకినాడలో పాత సామాన్ల కొట్లన్నీ గాలించి ముప్పయ్యారు కన్నాల డ్రమ్ము పట్టుకున్నాను. దాని నడిమి రంధ్రం పెద్దది, కనక పాత ఇరుసు అందులో గజ్జెలా మోగింది. లావు ఇరుసు చేయించాను. చైను తగిలే పళ్లచక్రం ఈ డ్రమ్ముకి పట్టలేదు, కనక వేరే పళ్లచక్రం కొన్నాను. దానికి పాత చైను నప్పదన్నారు, కనక చైనూ మార్చాను. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదకూడదంటారు. నేను అసలు కుక్కే లేకుండా, ఉత్త తోక పట్టుకుని సగం దూరం వచ్చేశాను.

ఈ మధ్యలో సత్యవతిగారు రెండుసార్లు బండిని ఒకసారి తీసుకురమ్మన్నారు. వెనక చక్రం లేని బండి ఎలా వస్తుందండీ అని నేను చాలా తెలివిగా జవాబిచ్చి, ఫోనులో దాని ఫోటో చూపించాను. ఫోటోలో కొలతలు తెలియవన్నారు. అయినా నా పోరు పడలేక చక్రం అల్లి పెట్టారు. తిప్పితే వెంట్రుకవాసి ఊగలేదు.

షష్టిపూర్తి ముందురోజు చక్రానికి పసుపు రాసి, బంతిపూల దండ వేసి, ఆటోలో తీసుకెళ్లాను. చుట్టాలంతా వసారాలో చేరారు. మావగారు చేతులు కట్టుకుని, పెళ్లికూతురి కోసం ఎదురుచూస్తున్నవాడిలా నిలబడ్డారు. నేను చక్రాన్ని బండి వెనక రెండు ఇనప చేతుల మధ్యకి తోశాను. వెళ్లలేదు. దండ తీసి తోశాను. వెళ్లలేదు. ఇద్దరు బావమరదులు అటొకరూ ఇటొకరూ పట్టి లాగారు. చక్రం రెండు వేళ్ల వెడల్పు ఎక్కువుంది. దానిలో ప్రతి భాగమూ పక్కదానితో చక్కగా కుదిరింది. బండితో కుదరాలన్న సంగతే నాకు తట్టలేదు.

మావగారు వంగి చక్రాన్ని ఒకసారి తిప్పి చూశారు.

"చక్రం ముచ్చటగా ఉందండి అల్లుడుగారూ. వంక పెట్టడానికి లేదు. ఇక దీనికి సరిపోయే బండి ఒకటి వెతికారంటే పనైపోద్ది."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. అంత మర్యాదగా అనేసరికి మధ్యాహ్నం పులిహోర రెండోసారి వడ్డించుకోలేదు. షష్టిపూర్తి మర్నాడు ఇద్దరూ బ్యారేజీకి ఆటోలో వెళ్లొచ్చారు. గోదారి ఎలా ఉందని మా ఆవిడ అడిగితే, ఆటో పరదాలోంచి కనిపించినంత మేరకు బాగానే ఉందన్నారు మావగారు.

సోమవారం పాత డ్రమ్ము పట్టుకుని సత్యవతిగారి ముందు నిలబడ్డాను. ఈసారి ఆవిడ చెప్పినట్టే చేస్తానన్నాను. ఆవిడ నాలుగు ఫోన్లు చేసి, పెనుగొండలో ఒక పాత షాపు అటక మీద నలభై కన్నాల రిమ్ము ఉందని కనుక్కున్నారు. నేను వెళ్లి తెచ్చాను. పాత ఇరుసు, పాత పళ్లచక్రం, పాత చైను మళ్లీ వాటి వాటి చోట్లకు చేరాయి. ఆదివారం అత్తగారు కొంగు బిగించి, మావగారి భుజం మీద చెయ్యి వేసి బండెక్కారు. నేను వెనకాల స్కూటరు మీద వెళ్లాను. బ్యారేజీ మీద గాలికి ఆవిడ ఏదో అంటున్నారు, ఆయన తల వెనక్కి తిప్పి నవ్వుతున్నారు. నాకు వినపడలేదు. నా గురించే అయి ఉంటుంది.

ఆ రోజే దోసిట్లో గోదారి నీళ్లు పట్టుకుని ప్రమాణం చేశాను. బిగించమన్నదాన్ని బిగించడం తప్ప, ఈ జన్మలో దేనికీ కొత్త జన్మ ఎత్తించనని.

మాట మీద నిలబడ్డాను కూడా. మొన్న అత్తగారు కుట్టుమిషను బిగుతుగా తిరుగుతోంది, కాస్త చూడమన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, చుట్టూ తిరిగి శ్రద్ధగా చూశాను. చాలా బాగుందండి అని చెప్పి వచ్చేశాను.